పార్సిళ్లన్నీ నా పేరు మీదే

జూన్ పందొమ్మిది, గురువారం. ఆ మధ్యాహ్నం నేను బగారా అన్నం, సొరకాయ ముక్కలేసిన దాల్చా తిన్నాను. నాలుగో ఇంటి ఉమ్మె హాని స్టీలు డబ్బాలో పంపింది. పైన చిన్న గిన్నెలో నిమ్మకాయ చెక్క, రెండు ఉల్లిపాయ చక్రాలు కూడా పెట్టింది. ఒక్కడే తినే మనిషి తన కోసం తాను ఉల్లిపాయ కోసుకోడు. అందుకే ఆ భోజనం బాగా గుర్తుంది.

ఆ పొద్దున ఆమె భర్త జియా, నేను కలిసి నా ఫోనులోనూ అతని ఫోనులోనూ కళ్లు పెట్టుకుని పోలండ్ దేశం నుంచి ఒక వస్తువు ఆర్డరు పెట్టాం. భోజనం ఆ సంతోషానికి.

జియా కుట్టుమిషన్లు బాగు చేస్తాడు. వాళ్ల అమ్మాయి మెహక్‌కు ఏడేళ్లు. పుట్టుకతోనే చెవులు వినపడవు. మూడో ఏట ప్రభుత్వ పథకంలో హైదరాబాదులో ఆపరేషన్ చేసి తల లోపల ఒక పరికరం పెట్టారు. చెవి వెనక తగిలించుకునే మిషను ఒకటి బయట ఉంటుంది. అది మాటను పట్టి లోపలికి పంపుతుంది. బయటి మిషను లేకపోతే లోపలిది ఉన్నా లేనట్టే. నాలుగేళ్లు ఆ మిషను పెట్టుకుని పిల్ల ఒక్కొక్క మాట నేర్చుకుంది. సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. నేను పుస్తకంతో నా నోరు కప్పుకుని చదివేవాణ్ని. పెదాలు చూసి కాకుండా చెవితో విని చెప్పాలని దవాఖానలో టీచరమ్మ నేర్పిన పద్ధతి అది. జూనియర్ కాలేజీ లైబ్రరీలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన నాకు, భార్య సలోమి పోయిన తర్వాత, రోజులో చేయాల్సిన పని అంటూ ఉన్నది అదొక్కటే.

మే నెలాఖరున ఆ మిషను బట్టలు నానబెట్టిన బకెట్లో పడి, రాత్రంతా సబ్బునీళ్లలో ఉండిపోయింది. బియ్యంలో పెట్టి చూశారు, ఎండలో పెట్టి చూశారు. మిషన్ల మనిషి కాబట్టి జియా విప్పి కూడా చూశాడు. లాభం లేకపోయింది. ఆ మోడల్ తయారీ ఆపేశామని కంపెనీ వాళ్లు చెప్పారు. కొత్త మోడల్ కొనాలంటే జియా దుకాణం అమ్మినా చాలదు. రెండు వారాలు వెతికితే పోలండ్‌లో పాతవి బాగు చేసి అమ్మే ఒక చిన్న దుకాణం దొరికింది. మార్తా అనే ఆవిడ నడుపుతోంది. సరిగ్గా అదే మోడల్ ఒక్కటి ఆమె దగ్గర ఉంది. ఇంకొకటి ఎక్కడా లేదు.

“సార్, బటన్ మీరే నొక్కుండ్రి,” అన్నాడు జియా. “మీ చెయ్యి మంచిది.”

“నీ బిడ్డకు, నువ్వే నొక్కు.”

నొక్కాడు. పేరు రాయాల్సిన చోట ఎప్పటిలాగే రాశాడు: కృపాదానం సార్, మెదక్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా గల్లీలో ఎవరికి ఏ పార్సిల్ వచ్చినా నా పేరు మీదే వస్తుంది. మున్సిపాలిటీ వాళ్లు రెండుసార్లు ఇంటి నంబర్లు మార్చారు. ఇప్పుడు ఒక్కో గోడ మీద మూడేసి నంబర్లున్నాయి. డెలివరీ వాళ్లు తిరిగి తిరిగి వెనక్కి పోయేవాళ్లు. సలోమి ఉన్నప్పుడు, “మా ఆయన పేరు రాయండి, ఇల్లు అందరికీ తెలుసు, నేనెట్లాగూ ఇంట్లోనే ఉంటా,” అంది. అప్పటి నుంచి అందరూ నా పేరు, తమ ఫోన్ నంబరు రాస్తారు. గుమ్మం పక్కన ఒక చెక్క అర ఉంది. డెలివరీ చేసే ప్రవీణ్ వచ్చి దానిలో పెట్టి పోతాడు. ఎవరిది వాళ్లు వచ్చి తీసుకుంటారు. సలోమి పోయాక ఆ అర తీసేద్దామనుకున్నాను. తీయకపోవడం మంచిదైంది. చెప్పుల కోసమో మిక్సీ గిన్నె కోసమో రోజుకొకరైనా వచ్చి, “తిన్నరా సార్?” అని అడిగిపోతారు.

మార్తా జూన్ ఇరవై ఒకటిన పంపింది. రసీదు ఫొటో కూడా పెట్టింది. నేను రోజూ పొద్దున టీ తాగుతూ పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసి, జియా దుకాణం దాకా నడిచి చెప్పి వచ్చేవాణ్ని. వార్సా, దుబాయి, ఢిల్లీ. జూలై ఒకటిన హైదరాబాదు. ఆ రోజు మెహక్ పలక మీద ‘హైదరాబాదు’ అని రాసి చూపించాను. పిల్ల గల్లీ అంతా ఆ పలక పట్టుకుని తిరిగింది.

తర్వాత ఆ పేజీలో ఒకటే మాట. క్లియరెన్సులో ఆలస్యం.

ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ని. ఆలస్యం అనే మాటను నేను గౌరవిస్తాను. ఆఫీసన్నాక ఆలస్యం అవుతుంది, ఎవరి బల్ల మీద ఆగిందో అక్కడి నుంచి కదులుతుంది అనుకున్నాను. వారం చూశాను. రెండు వారాలు చూశాను.

ఈ లోపల పిల్ల మారిపోతూ ఉంది. మొదట్లో గట్టిగా అరిచినట్టు మాట్లాడేది. తన గొంతు తనకు వినపడదు కదా. బళ్లో పిల్లలు నవ్వారట. తర్వాత గొంతు తగ్గించింది. తర్వాత మాటలే తగ్గించింది. ‘సబ్బు’ అనమంటే ‘అబ్బు’ అనేది. నేను పుస్తకం కిందికి దించి, నోరు కనబడేలా పెట్టి చదివేవాణ్ని. నా పెదాల వంక చూసి చూసి అలసిపోయి, బొమ్మల దగ్గరికి పేజీ తిప్పేసేది. దవాఖాన టీచరమ్మకు ఫోన్ చేస్తే, “ఎంత తొందరగా పెడితే అంత మంచిది సార్. నెలలు పోతే వినే అలవాటే పోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి,” అంది.

జూలై ఇరవై రెండు నుంచి నేను అడగడం మొదలుపెట్టాను.

మార్తాకు రాశాను. ఆమె మర్యాదగానే జవాబిచ్చింది. నేను సరిగ్గా ప్యాక్ చేసి కొరియర్ చేతికిచ్చాను, రసీదు ఉంది, అక్కడితో నా బాధ్యత అయిపోయింది అని. అక్కడి కొరియర్‌కు రాశాను. ఇండియాలో మా తరఫున పనిచేసే కంపెనీకి అప్పగించాం, వాళ్లనడగండి అన్నారు. ఇక్కడి కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించి, పాట వినిపించి, చివరికొకతను, “మా దగ్గరేం లేదు సార్, కస్టమ్స్‌ల ఆగింది,” అన్నాడు. కస్టమ్స్ నంబరుకు ఆరు రోజులు ప్రయత్నించాను. ఏడో రోజు ఎత్తారు. పెద్దవయసు గొంతు, ఓపిగ్గానే ఉంది. నంబరు చెప్పమని, రెండు నిమిషాలు చూసి, “మా వైపు నుంచి ఏం లేదండీ. పార్సిల్ పుచ్చుకునే వ్యక్తి గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఇవ్వలేదు. నాలుగుసార్లు అడిగారు,” అన్నాడు.

“ఎవరు ఇవ్వలేదండీ?”

“ఇందులో కృపాదానం సార్ అని ఉంది. మీరాయనకు ఏమవుతారు?”

“నేనేనండీ కృపాదానం.”

“మరి మీరే ఇవ్వాలి కదండీ,” అన్నాడు.

నేను చెప్పులు వేసుకుని జియా దుకాణానికి పోయాను. ఒక మిషనును పక్కకు పడుకోబెట్టి, దాని అడుగున నూనె వేస్తున్నాడు.

“జియా, నీ ఫోన్‌కు పార్సిల్ గురించి ఏమన్నా మెసేజ్ వచ్చిందా? కార్డు పంపమని?”

అతని మొహం వెలిగిపోయింది. “గా దొంగ మెసేజులా సార్! ఒకటా? నాలుగొచ్చినయి. పార్సిల్ ఆగిందట, ఆధార్ పంపాల్నట, నీలం గీత మీద నొక్కాల్నట. మీరు చెప్పినట్టే చేసిన. వచ్చింది వచ్చినట్టు తీసేసిన. ఫోన్ గూడ చేసిండ్రు మూడుసార్లు. ఒక ఆడామె. ‘కృపాదానం గారా?’ అంటది. నేను తక్కువోన్నా? ‘మా సార్ మీ సంగతంత చెప్పిండు, పోలీసులకు పట్టిస్త బిడ్డా’ అని కట్ చేసి బ్లాక్ కొట్టిన.”

అక్కడున్న స్టూలు మీద దారపు కండెలున్నాయి. వాటిని తీసి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

పోయిన ఏడాది మా గల్లీ చివర ఉండే రామమ్మకు సరిగ్గా ఇలాంటి మెసేజే వచ్చింది. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇక్కడ నొక్కండి అని. నొక్కింది. పెన్షన్‌లో దాచుకున్నదంతా పోయింది. మా మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఏడ్చింది. ఆ సాయంత్రం గల్లీ వాట్సప్ గ్రూపులో నేనే రాశాను. కస్టమ్స్ అని, పార్సిల్ ఆగిందని, ఆధార్ పంపమని ఏ మెసేజ్ వచ్చినా మోసమే, తెరవకండి, వెంటనే తీసేయండి, ఫోన్ వస్తే కట్ చేయండి అని. కింద నా పేరు కూడా పెట్టాను. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పార్సిళ్ల అర పైన అంటించాను. అందరూ మెచ్చుకున్నారు. సలోమి ఉంటే మెచ్చుకునేది అని కూడా అనుకున్నాను.

విదేశం నుంచి నిజమైన పార్సిల్ వస్తే నిజమైన మెసేజ్ కూడా అచ్చం అలాగే ఉంటుందని నాకు తట్టలేదు. మా గల్లీకి అంతకుముందు విదేశం నుంచి ఏదీ రాలేదు.

“ఏమైంది సార్?” అన్నాడు జియా. నూనె డబ్బా చేతిలోనే ఉంది.

చెప్పాను. అతను విన్నాడు. డబ్బా కింద పెట్టి, మూత కోసం వెతికి, మూత చేతిలోనే ఉందని చూసుకుని పెట్టాడు.

“అంటే గామె దొంగ కాదా సార్?”

“కాదు జియా.”

ఆగస్టు ఐదు మంగళవారం తెల్లవారి ఆరు గంటల బస్సుకు శంషాబాద్ బయలుదేరాం. కొరియర్ గోదాము అక్కడే ఉంది. మెహక్‌ను కూడా తీసుకుపోదామన్నాడు జియా.

“పిల్లను చూస్తె జర జాలి పడ్తరు సార్.”

“జాలి కోసం పిల్లను తిప్పుతామా?”

“తిప్పుత సార్. దేనికన్న తిప్పుత.”

ఉమ్మె హాని మాకు రొట్టెలు కట్టిచ్చింది. పిల్ల జడకు కొత్త రిబ్బను వేసింది. చెవి వెనక మిషను ఉండాల్సిన చోట వేలితో ఒకసారి తడిమి పంపించింది.

నర్సాపూర్ దాటాక అడవిలో రోడ్డు పక్కన కోతులు కూర్చుని ఉన్నాయి. మెహక్ కిటికీలోంచి చూసి, “ఓతి! తాతా, ఓతి!” అని గట్టిగా కేక వేసింది. చాలా రోజులకు నోరు విప్పింది. బస్సులో సగం మంది తిరిగి చూశారు. వాళ్లు చూడటం చూసి పిల్ల నోరు మూసుకుంది. టికెట్లు కొడుతున్న కండక్టరు వంగి, పిల్ల మొహానికి ఎదురుగా, తానూ అంతే గట్టిగా, “అవునే, మస్తున్నయి కోతులు!” అన్నాడు. మెహక్ నవ్వింది. హైదరాబాదు వచ్చేదాకా నేను ఆ కండక్టరు వీపు వంకే చూస్తూ కూర్చున్నాను.

గోదాములో గాజు కిటికీ వెనక ఒక అమ్మాయి ఉంది. ముప్పై లోపే ఉంటుంది. మెడలో కార్డు మీద దేవిక అని పేరు. నంబరు చెప్పాను. కొట్టి చూసింది. తల ఎత్తి నా వంక చూసింది.

“కృపాదానం సార్ అంటే మీరేనా? ఇందులో సార్ అనేది ఇంటి పేరా?”

“కాదమ్మా. మా దగ్గర అట్లా రాస్తారు.”

“ఆధార్‌లో అట్లనే ఉంటదా?”

“ఉండదు.”

“మరి మీరు కార్డు పంపినా గూడ పేరు కలవక ఆగేది సార్.” అని మళ్లీ తెర వంక చూసి, “పంపనే లేదనుకోండ్రి,” అంది.

జియా ముందుకొచ్చాడు. “మేడం, ఇప్పుడిస్తం. ఆయన కార్డు తెచ్చిండు, నా కార్డు తెచ్చిన, పాపది దవాఖాన చిట్టీలు గూడ అన్ని తెచ్చిన. చూడుండ్రి ఒక్కసారి. మా బిడ్డ చెవి మిషను అది.”

దేవిక చిట్టీలు చూడలేదు. జియాను చూసింది. “మీ గొంతు నేను విన్న,” అంది మెల్లిగా. “‘పోలీసులకు పట్టిస్త బిడ్డా’ అన్నది మీరే గద?”

జియా చిట్టీలను దగ్గరికి లాక్కుని అంచులు సర్దాడు.

“మూడుసార్లు చేసిన అన్నా. నిజానికి ఒక్కసారి చేస్తే చాలు మాకు. దవాఖాన వస్తువని లోపల రాసుంటే, ఎవరిదో పాపమని మళ్ల చేసిన.”

“మాఫ్ చెయ్యుండ్రి మేడం,” అన్నాడు జియా. “తెల్వక.”

“నేనే చెప్పానమ్మా అతనికి,” అన్నాను. “ఏ మెసేజ్ వచ్చినా తీసేయమని నేనే రాసి పెట్టాను.”

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. “ముప్పై రోజులు దాటితే మా దగ్గర ఉంచరు సార్. జూలై ముప్పై ఒకటిన వాపసు బుక్ అయింది. ఇక్కడి నుంచి పోయింది. ఇప్పుడు ఢిల్లీల ఉంది.”

ఐదు రోజులు. కస్టమ్స్ నంబరుకు నేను ఆరు రోజులు ఫోన్ చేస్తూ కూర్చున్నాను.

“ఢిల్లీల ఉంటే ఇటు తెప్పియ్యుండ్రి మేడం,” జియా గాజు మీద చెయ్యి పెట్టాడు. “దుబాయి దాక ఇంక పోలేదు గద. ఢిల్లీ ఎంత దూరం? నేనే పోత. ఏ ఆఫీసు, ఏ గల్లీ చెప్పుండ్రి, గీ రాత్రి రైలుకు పోత.”

“పోయినా ఇయ్యరన్నా. వాపసు బుక్ అయినంక మీ పేరు మీద ఉండదు అది. పంపినామె పేరు మీద ఉంటది.”

“మరి ఇది ఎవరి తప్పు? మా తప్పా? మెసేజ్ దొంగ మెసేజ్ లెక్క ఎందుకు పంపిండ్రు? ఒక చిట్టీ రాయొద్దా? మెదక్‌ల మీ ఆఫీసు లేదా? ప్రవీణ్ రోజు మా గల్లీకి వస్తడు, అతనికి చెప్తే సార్ ఇంటికి వచ్చి చెప్పకపోవునా?”

వెనక వరుసలో ఉన్నవాళ్లు సణగడం మొదలుపెట్టారు. మెహక్ వాళ్ల నాన్న మొహం చూసి, అతని చొక్కా పట్టుకుంది.

దేవిక ఒక ఫారం తీసి కిటికీ కింద నుంచి జరిపింది. “తప్పు ఎవరిదని ఇందులో ఒక గడి ఉంటది సార్. కంపెనీ తప్పు అని రాస్తే ఎంక్వైరీ అయితది. నష్టం వస్తే రావొచ్చు. ఫోన్ల రికార్డు వింటరు. మాట్లాడింది నేను గాబట్టి నన్ను పిలుస్తరు, అది వేరే సంగతి. కానీ ఎంక్వైరీ అయ్యేదాక పార్సిల్‌ను ఢిల్లీలనే సీలేసి పెడ్తరు. రెండు నెలలు పడ్తది, మూడు గూడ పడ్తది.”

“లేకపోతే?”

“పుచ్చుకునేవాళ్ల వల్ల ఆగింది అని రాస్తే కేసు లేదు. సీదా పోలండ్ పోతది. పంపినామె మళ్ల పంపితే సరైన పేరు మీద తెప్పిచ్చుకోవచ్చు. కానీ అట్ల రాసినంక మీరు ఎవరినీ ఏం అడగనీకి ఉండదు. కంపెనీనీ అడగొద్దు, ఆమెనీ అడగొద్దు. మళ్ల పంపుమని బతిమిలాడుడే.”

జియా నా చెయ్యి పట్టుకున్నాడు. “కంపెనీ తప్పనే రాయుండ్రి సార్. ఇన్ని పైసలు పెట్టినం. ఊకనే ఎట్ల ఒప్పుకుంటం?”

“మూడు నెలలు ఢిల్లీలో పెట్టెలో పడుంటుంది జియా.”

“ఒప్పుకుంటే మాత్రం వస్తదన్న గ్యారంటీ ఉన్నదా?”

“లేదు.”

నా కళ్లద్దాల మీద చెమట పడింది. తుడుచుకున్నాను. దేవిక వరుసలోని తర్వాతి మనిషిని చేత్తోనే ఆగమంది. అడగకుండానే తన పెన్ను కిటికీలోంచి పెట్టింది. మెహక్ గాజు మీద ఊది, ఆవిరిలో ఏదో గీస్తూ ఉంది. దేవిక లోపలి నుంచి అదే చోట వేలు పెట్టి, పిల్ల గీసినట్టే గీసింది.

పుచ్చుకునే వ్యక్తిని నేను, గుర్తింపు అడిగినప్పుడు ఇవ్వవద్దని నేనే చెప్పాను, కొరియర్ వారి వైపు లోపం లేదు అని రాశాను.

“సార్, తీసేసింది నేను గద. నా పేరు రాయుండ్రి,” అన్నాడు జియా.

“కవరు మీద నీ పేరు లేదు.”

“పేరు లేకుంటే ఏంది, తిట్టింది నేను. మీరొక్కరే ఎందుకు మోస్తరు?”

“సంతకం నాది కావాలి జియా. పక్కకు జరుగు.”

సంతకం పెట్టాను. ఆధార్‌లో ఉన్నట్టు, ఇంటి పేరుతో సహా, సార్ లేకుండా.

బయటికి వచ్చి వేపచెట్టు నీడలో రొట్టెలు విప్పాం. మెహక్ ఒక్కతే తిన్నది. అక్కడ కూర్చునే నేను మార్తాకు అంతా రాశాను. తప్పు మాదేనని, పార్సిల్ వెనక్కి వస్తోందని, అందగానే మళ్లీ పంపమని, రెండో దారి ఖర్చు నేను పెట్టుకుంటానని. పిల్ల గురించి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. పొద్దున జియాతో జాలి వద్దన్నవాణ్ని. చివరికి రాశాను. ఏడేళ్ల పిల్ల అని, ‘కోతి’ని ‘ఓతి’ అంటోందని కూడా రాశాను. ఇంగ్లీషులో అది ఎలా రాయాలో తెలియక, ఒక అక్షరం పోయింది అని రాశాను.

తిరుగు బస్సులో, నర్సాపూర్‌లో బస్సు ఆగినప్పుడు జవాబు వచ్చింది. నాలుగు ముక్కలు. విన్నందుకు బాధగా ఉంది. ముందు పార్సిల్ నాకు చేరనివ్వండి. మామూలుగా నాలుగైదు వారాలు పడుతుంది. పని చేస్తూ ఉంటే చూద్దాం.

జియాకు చదివి చెప్పాను.

“పని చేస్తూ ఉంటే అంటే ఏంది సార్?”

“రెండుసార్లు విమానాలెక్కి దిగింది కదా.”

జియా కిటికీ వైపు తిరిగాడు. పిల్ల అతని ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. మెదక్ బస్టాండులో దిగాక పిల్లను భుజాన వేసుకుని నాకంటే రెండడుగులు ముందు నడిచాడు. ఎప్పుడూ నాకంటే వెనకే నడిచే మనిషి.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. ఉమ్మె హాని గడపలో నిలబడి ఉంది. జియా చేతులు చూసింది, నా భుజాన ఉన్న సంచి చూసింది.

“తేలేదా?”

జియా తల అడ్డంగా ఊపి, పిల్లను తీసుకుని లోపలికి పోయాడు. నేను మెట్టు మీదే ఉన్నాను. లోపలికి రమ్మని ఆమె అనలేదు, నేను పోలేదు. ఉన్నదంతా చెప్పాను. నేను రాసి అంటించిన కాగితం, ముప్పై రోజులు, ఢిల్లీ, ఫారం, సంతకం. ఎక్కడా తగ్గించి చెప్పలేదు.

ఆమె దుపట్టా కొస చేతికి చుట్టుకుంటూ విన్నది.

“రెండోసారి మెసేజ్ వచ్చినప్పుడు నేనన్న సార్,” అంది. “ఇది మన చెవి మిషనుదేమో, ఒక్కసారి సార్‌కు చూపియ్యి అన్న. ఆయన ఏమన్నడో తెల్సా? సార్ ఒక్కసారి చెప్తే చెప్పినట్టే, మళ్ల అడిగితే మంచిగుండదు అన్నడు.”

నేను సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను.

“ఈ గల్లీల మీ మాటకు ఎవ్వరు ఎదురడగరు సార్. మీరు మంచోరు. గందుకే ఎవ్వరు అడగరు.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు ఎక్కడన్నా పట్టుకోవడానికి ఉండేది.

“ఎన్ని రోజులు?” అంది.

“అక్కడికి చేరేసరికే నెల పైన. మళ్లీ రావడానికి ఇంకో పదిహేను రోజులు. అదీ ఆవిడ పంపితే. పని చేస్తే.”

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టింది. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు. నాలుగో వేలు దగ్గర ఆగింది.

“నిన్న ఆకలైతే ‘అమ్మీ’ అనలే సార్,” అంది. “వచ్చి చెయ్యి పట్టి గుంజింది. నేను తిరిగి చూసేదాక గుంజింది. మూడేండ్లప్పుడు, ఆపరేషన్ కాకముందు, గట్లనే చేసేది.”

లోపలి నుంచి జియా వచ్చాడు. నా చేతిలో నా సంచి పెట్టాడు. బస్సులో నేను మరిచిపోతే తాను తెచ్చాడట. నా భుజాన ఉన్నది వాళ్ల రొట్టెల సంచి.

“రేపు పొద్దున రాండ్రి సార్,” అన్నాడు, నా వంక చూడకుండా. “పోలండామెకు ఇంకో మెసేజ్ పెడదం. ఇద్దరం కూసొని మంచిగ రాద్దం.”

“వస్తాను.”

“తిన్నరా?” అంది ఉమ్మె హాని.

“తింటానమ్మా. ఇంట్లో ఉంది.”

ఇంట్లో ఏమీ లేదు. అది ఆమెకూ తెలుసు. ఆ రాత్రి ఆమె ఏమీ తెచ్చి ఇవ్వలేదు. నాకూ అదే సరైనదనిపించింది.

మెట్లు దిగి గల్లీలోకి వచ్చాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. లోపల గోడవారగా మంచం మీద మెహక్ రిబ్బను తీయకుండానే పడుకుని ఉంది. జియా లైటు తీసేశాడు. ఉమ్మె హాని గడప దగ్గరికి వచ్చి, రెండు రెక్కలూ దగ్గరికి లాగి, పిల్ల నిద్ర చెడిపోతుందేమోనని ఒక చేత్తో తలుపును అదిమిపట్టి, రెండో చేత్తో గొళ్లెం చప్పుడు కాకుండా మెల్లిగా వేసుకుంది.